గాజుగొట్టంలో ఇద్దరు

పెద్దకోడలికి రక్తం దొరకడం లేదు. కడుపులో పుండు పగిలి నిన్నటినుంచి పోతున్న రక్తం ఇంకా ఆగలేదు. ఆపరేషన్ చేయాలంటే ముందు కొంతైనా ఎక్కించాలి. ఆస్పత్రి నిల్వలో ఆమె గ్రూపు సంచులు ఉన్నాయి గానీ, పరీక్షలో ఆమె రక్తంతో కలపగానే గడ్డలు కట్టాయి. అదే గ్రూపు మనిషి ఇంట్లో మరొకరున్నారు: చిన్నకోడలు.

తోడికోడళ్లిద్దరికీ మాటలు లేక ఏళ్లు గడిచాయి. మేడమీద బట్టలారేసే తీగ దగ్గర మొదలైన మాట రెండు పొయ్యిల దాకా వెళ్లింది.

పరీక్షకు రక్తమిచ్చి చిన్నకోడలు ల్యాబు ముందు బల్లమీద కూర్చుంది. ఆమె మనసు తేలికపరచాలనుకున్నాడో ఏమో, పక్కనున్న భర్త, "ఒక గదిలో పొసగనివాళ్లు, ఒక గాజుగొట్టంలో సర్దుకుంటారా?" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. గడ్డ కడితే బంధువులు ఏమంటారో ఆమెకు తెలుసు. వాళ్ల సంగతి అలా ఉంచినా, తనకు తాను ఏం చెప్పుకుంటుంది? ఆవిడ కళ్లెదుట లేకపోతే బాగుండునని అనుకోని రోజుందా?

ఉండబట్టలేక లేచి వెళ్లి, మనసులో ఉన్నది రక్తంలోకి దిగుతుందా అని ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగింది. అతను నవ్వలేదు. రక్తం కూడా చర్మంలాగా, కండలాగా ఒక కణజాలమేననీ, కాకపోతే పారే కణజాలమనీ, ఒకరిది మరొకరికి ఎక్కించడమంటే అవయవం అతకడంలాంటిదేననీ చెప్పాడు. పెద్దకోడలికి కాన్పు సమయంలో ఎవరిదో రక్తం ఎక్కించారు. అప్పటినుంచి ఆమె ఒళ్లు కొన్ని పరాయి కణాలను గుర్తుపట్టి తరుముతోంది. "అది కణం మీది గుర్తులు చూస్తుందమ్మా. తగాదాలు చూడదు."

ఆమె సగమే నమ్మింది. అద్దాల తలుపు అవతల అతను ఇద్దరి రక్తం కలిపిన గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచాడు, యంత్రంలో తిప్పాడు, వెలుతురుకెత్తి మెల్లగా వంచాడు. మళ్లీ వంచాడు.

గడ్డ కట్టలేదు.

తక్కిన పరీక్షలూ ముగించి, ఆమె ఇచ్చిన రక్తం సంచిని సాయంత్రానికి పెద్దావిడ మంచం పక్కన వేలాడదీశారు. రక్తం పడక వణుకు పుడుతుందేమో కనిపెట్టి ఉండమనీ, పుడితే వెంటనే పిలవమనీ చిన్నకోడలికి చెప్పి నర్సు పక్క మంచం దగ్గరకు వెళ్లింది. బావగారు మందుల కోసం వెళ్లారు.

పెద్దావిడ కళ్లు తెరిచి సంచినీ, తోడికోడలినీ మార్చి మార్చి చూసింది. "నీదేనా? నెమ్మదిగా ఎక్కించమను. నీ దూకుడు నేను తట్టుకోలేను."

చిన్నకోడలు ఆమె మణికట్టు పట్టుకుంది. వణుకు తెలిసింది.

"చలిగా ఉందా, అక్కా?"

"నాకేం లేదు. వణికేది నీ చెయ్యి," అంది పెద్దావిడ. తన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.