ఏసోబు ముక్కు

మా వెల్డింగు షెడ్డు వైపు నడుస్తున్నాను, ఎంత నడిచినా షెడ్డు రావడం లేదు, ఆటోనగర్ రోడ్డంతా మోకాలి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో చక్రాలు లేని లారీలు పడవల్లా మెల్లగా కదులుతున్నాయి, అందులో ఒకదాని బంపర్ మీద నా మొగుడు ఏసోబు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ముఖం మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు. పోయిన మనిషిని అలా చూస్తే ఏడుపు రావాలి, నాకేమో కోపం వస్తోంది.

"చిన్న అతుకు పని, వచ్చి తింటానని పోయావు. ఆ చేపల పులుసు ఎవరికి పెట్టమంటావు?"

"ఇంకా ఉందా?" అంటాడు ఆశగా. చచ్చినా బుద్ధి మారలేదు.

పక్కన కూలబడతాను. లారీ మా చర్చి బల్ల అయిపోయింది, ఎదురుగా జనం వరసలో నిలబడ్డారు, అందరి చేతుల్లోనూ డీజిల్ ట్యాంకులు, పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. ఏసోబు బతికున్నప్పుడూ ఇదే వరస. మా వీధిలో ఎవరు ట్యాంకుకు వెల్డింగు చేయాలన్నా ముందు ఇతని దగ్గరికే తెచ్చేవాళ్ళు, ఇతను మూత తీసి ముక్కు పెట్టి పీల్చి "ఖాళీయే, కానీండి" అంటే చాలు, ఇక ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

"ఊరందరి ట్యాంకులూ చూశావు. ఆ రోజు నీ చేతిలోది చూసుకోలేదా మావా?"

"చూశానే. డీజిలంతా వంపేశా, ఎండలో పెట్టా, ముక్కూ పెట్టా. వాసన రాలేదు."

"మరెట్టా పేలింది?"

నీళ్ళలోకి చూస్తూ ముక్కు రుద్దుకుంటాడు.

"వాసన లేక కాదు సలోమీ, నాకు తెలీలేదు. ఇన్నేళ్ళ పొగకి నా ముక్కెప్పుడో చచ్చిపోయింది. నీ పులుసు వాసన కూడా తెలిసేది కాదు, నువ్వు అడుగుతావని బాగుందనేవాణ్ణి."

ఇంత దూరం వచ్చి చెప్పే మాటేనా ఇది! అయినా తిట్టడానికి ఓపిక లేదు.

"ఖాళీ ట్యాంకే పేలుద్ది" అంటాడు. "డీజిలు పోయినా ఆవిరి ఉంటది, ఎండలో పెడితే ఇంకా రేగుద్ది. ట్యాంకు బండి మీంచి దించాల, బాగా కడగాల, అతుకు దాకా నీళ్ళు నింపి మూత తెరిచి పెట్టాల. ఆ తర్వాతే నిప్పు. అంత ఓపిక లేనోణ్ణి కొత్తది కొనుక్కోమనాల."

"నాకెందుకు చెప్తావు? మా దానియేలుకు చెప్పు. నువ్వు పోయాక షెడ్డులో, ఇన్నేళ్ళూ నీ పక్కనే పని చేసిన నా తమ్ముడే కూర్చుంటున్నాడు, ఇప్పుడందరూ వాడి ముక్కు దగ్గరికే తెస్తున్నారు. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నీకేం తెలుసే అక్కా అంటాడు."

"వాడి కలలోకి పోదామనే చూశా. వాడికి గురక తప్ప కలేదీ?"

నవ్వు వస్తుంది, ఆ నవ్వులోనే ఏడుపూ వస్తుంది. నిన్ను మట్టిలో పెట్టాను, వాణ్ణి కూడా పెట్టే శక్తి నాకు లేదు మావా, అని అంటూ ఉండగానే బల్ల మళ్ళీ లారీ అయి కదిలిపోతుంది, జనమూ ట్యాంకులూ దాని వెంట తేలిపోతారు, ఏసోబు దూరం నుంచి ఏదో అరుస్తున్నాడు, నాకు వినబడదు.

మాడు వాసనకు మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, షెడ్డు వెనక మా గది. పొయ్యి మీద మూత పెట్టిన పప్పు అడుగంటుతోంది. ఆ పక్కనే దానియేలు కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. బయటి నుంచి ఎవరో కేకేస్తున్నారు, "తమ్ముడూ, ట్యాంకు ఎండలో పెట్టా, వచ్చి ఓసారి ముక్కు పెట్టు."

"పొయ్యి పక్కనే ఉన్నావు, పప్పు మాడిపోతుంటే దించొద్దట్రా?" అన్నాను.

వాడు తెల్లబోయి గిన్నె వైపు చూశాడు.

"మాడిందా? నాకే వాసనా రాలేదే అక్కా."

లేచి వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.