పౌడరు రాసిన ఫొటో

“ఆ పిల్లకు జబ్బేంది, పెండ్లికి పోతున్నట్టున్నది” అని పక్కింటి సోమమ్మ ఫొటో చూసి వారాసిగూడ దాకా చెప్పిందట. తార్నాకలో అద్దెకుండే భారతమ్మ చెవిన ఆ మాట పడింది.

ఆమె కూతురు జ్యోతిర్మయికి కిడ్నీలు పాడయ్యాయి. యూనివర్సిటీ స్నేహితులు ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుదామన్నారు. నలుగురు చూసే ఫొటో కదా అని భారతమ్మ బిడ్డకు తల దువ్వి, పౌడరు రాసి, బొట్టు పెట్టి కూర్చోబెట్టింది. చూసినవాళ్లు చాలామందే, ఇచ్చినవాళ్లు లేరు. ఆపరేషన్ ఆగిపోయింది.

క్యాంపస్ హాస్టల్ నుంచి సీనియర్ భూపాల్ మళ్లీ ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకొని వచ్చాడు.

“ఏమనుకోకమ్మా. చూస్తే ఏడుపొస్తేనే జనం పైసలేస్తరు. ముఖం కడిగి బొట్టు తీసెయ్యి. మెడల డయాలిసిస్ పైపు కనవడాలె.”

భారతమ్మ తడిగుడ్డ తెచ్చింది. పౌడరు తుడిచింది కానీ, బొట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మంచం మీద నుంచి జ్యోతిర్మయి అంది: “ఫొటో సచ్చినంక తియ్యరాదన్నా, మస్తు జాలి వడ్తరు.”