మరకలమ్మ ముక్కు

హోటలు బారులో ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళంతా గ్లాసు ఎలా పట్టుకోవాలో, ఐసు ఎంతసేపు తిప్పాలో ఆయన్ని చూసి నేర్చుకున్నారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. జిన్‌లో వెర్మూత్ అనే మూలికల ద్రాక్షసారా కాస్త పోసి, ఐసుతో చల్లబరిచి, వడకట్టి, పైన నిమ్మతొక్క పిండి ఇచ్చే మార్టినీ చూడటానికి చాలా సులువైన పని. ఆయన చేతి మార్టినీ మొదటి గుక్క తాగినవాళ్ళు మాత్రం మాట మధ్యలో ఆగిపోయేవారు.

అలాంటి మనిషి ఒక చలికాలం జ్వరంతో మంచాన పడి, లేచిన కొద్దిరోజులకే ఉద్యోగం మానుకున్నాడు. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదన్నాడు. హోటలువాళ్ళు నమ్మి, పూలగుత్తి ఇచ్చి పంపించారు. భార్య కూడా నమ్మింది. నొప్పుల నూనె తెచ్చి సాయంత్రాలు కూర్చోబెట్టి రాసేది. ఆయన కిమ్మనకుండా రాయించుకునేవాడు.

మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. పోయింది వాసన. జ్వరం తగ్గిన రోజు కాఫీ కప్పు నోటి దగ్గర పెట్టుకుంటే వేడి తెలిసింది, చేదు తెలిసింది, కాఫీ మాత్రం తెలియలేదు. డాక్టరు చూసి, నరం దెబ్బతిందనీ, వాసన మళ్ళీ రావచ్చు రాకపోవచ్చనీ చెప్పాడు. ఆ సంగతి డాక్టరు గది దాటి బయటికి రానివ్వలేదు మాస్టారు.

దాపరికానికి ఆయన ఎంచుకున్న ఇల్లు మాత్రం సరైనది కాదు. భార్య డ్రైక్లీనింగ్ షాపులో మరకలు తీసే పని చేసేది. బట్ట తెచ్చినవాళ్ళు ఏం ఒలికిందో తెలియదంటే, ఆవిడ మరకను ముక్కు దగ్గర పెట్టుకుని ఇది ఎర్ర వైను, ఇది దగ్గుమందు, ఇది చంటిపిల్ల పాలు అని చెప్పేసేది. ఒకసారి ఓ పెద్దమనిషి సిరా అని తెచ్చిన మరకను లిప్‌స్టిక్ అని పైకే అనేసి, షాపు యజమాని చేత చీవాట్లు తింది. అక్కడ అందరూ ఆవిడని మరకలమ్మ అంటారు. అంత ముక్కున్న మనిషికి మద్యం వాసన సుతరామూ పడదు. పెళ్ళయిన నాటి నుంచీ మాస్టారు డ్యూటీ దిగి వస్తే, స్నానం చేశాకే మంచం ఎక్కనిచ్చేది.

వసంతకాలంలో మాస్టారు చెల్లెలి కూతురు ఓ చిన్న భోజనశాల తెరుస్తున్నానని చెప్పడానికి వచ్చింది. మూలమలుపులో పాత టైపింగు ఇన్‌స్టిట్యూట్ గది అద్దెకు తీసుకుంది. వంట తను చేసుకుంటుందట. మామయ్య మొదటి సాయంత్రం కౌంటర్ వెనక నిలబడి మార్టినీలు కలపాలట, పైగా ఇంట్లో చేసిన నారింజ లిక్యూర్ కావాలట. నారింజ తొక్కల్ని ఘాటైన సారాలో నానబెట్టి, పంచదార పాకం కలిపి చేసే ఆ లిక్యూర్ మాస్టారికి హోటల్లో పేరు తెచ్చిన సరుకు. మేనకోడలు అంత ఆశగా అడిగేసరికి కాదనడానికి నోరు రాలేదు. మోకాళ్ళ సంగతి భార్యే గుర్తు చేస్తే, ఒక్క సాయంత్రానికేం ఫర్వాలేదని తేలిగ్గా తీసిపారేశాడు.

మర్నాటి నుంచి వంటగది ఆయనదైపోయింది. నారింజలు కడిగి తుడిచి, పలుచటి కత్తితో పైపొర మాత్రం తీసేవాడు. కింద తెల్లపొర తగిలితే చేదెక్కుతుందని, వెలుతురుకి పట్టి చూసి మరీ గోరుతో గీకేవాడు. తీసిన తొక్కలు సీసాలో వేసి సారా పోసి, కిటికీకి దూరంగా అలమారలో పెట్టాడు. పని చేస్తున్నంతసేపూ ఏదో గొణుగుతూ ఉండేవాడు. ఇన్నాళ్ళూ మూలన కూర్చున్న మనిషి మళ్ళీ కదులుతున్నాడని మరకలమ్మ సంతోషించి, వాసనకు ముక్కు మూసుకుని ఊరుకుంది.

కొన్నాళ్ళకి సీసా తీశాడు. రంగు బంగారంలా దిగింది. మూత తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, హోటల్లో చేసినట్టే ఓ క్షణం ఆగి, బ్రహ్మాండంగా వచ్చిందన్నాడు. అప్పుడే షాపు నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న మరకలమ్మకి గుమ్మం దగ్గరికే వెనిగర్ ఉల్లిపాయల వాసన కొట్టింది. ఆ సీసాలో అంతకు ముందు, కొందరు మార్టినీలో వేసుకునే చిట్టి ఉల్లిపాయల్ని ఊరబెట్టేవాడు. గాజు ఎంత కడిగినా మూతలోని రబ్బరు ఆ వాసన వదల్లేదు. ఇప్పుడు నారింజలన్నీ దాన్ని పీల్చుకున్నాయి.

ఆవిడ నేరుగా వంటగదిలోకి నడిచింది. చేతులు కడుక్కుని పొయ్యి మీద పెనం పెట్టి, ఉల్లిపాయ ముక్కలు వేసి, మంట పెంచి, తువ్వాళ్ళు మడతపెట్టే మిషతో పక్కగదిలోకి వెళ్ళింది. మాస్టారు పొయ్యికి జానెడు దూరంలో స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ముక్కలు ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి. పొగ లేచి ఆయన వెనక నుంచి కిటికీ వైపు పోయింది. ఆయన పేజీ తిప్పాడు.

ఆవిడ వచ్చి పొయ్యి కట్టేసి, పెనం ఆయన ముందు పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

ఆయన పెనం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"జ్వరం వచ్చినప్పటి నుంచి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందనిపించింది" అన్నాడు.

ఆవిడకి కోపం వచ్చింది. రోజూ రాసిన నూనె గుర్తొచ్చి ఇంకా మండింది. మాడిన పెనం సింకులో పడేసి చాలాసేపు తోమింది. ఆయన స్టూలు మీదే కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ వెనక్కి తిరక్కుండానే, ఆ సీసాలో ఉన్నది పారబొయ్యమనీ, కొత్త సీసా తనే చూసి తెస్తాననీ చెప్పింది. కొత్తది మాత్రం ఎలా కుదురుతుంది, బాగుందో లేదో తేల్చేదెవరు అని ఆయన నీరసంగా అడిగాడు.

"ఇంట్లో ఇంకో ముక్కు ఉంది కదండీ" అంది మరకలమ్మ.

అలా మొదలైంది. ఆవిడ ఒక్క చుక్క నోట్లో వేసుకోనని ముందే చెప్పింది. కాగితం ముక్క తడిపి వాసన చూసి చెబుతుంది, అంతే. చిక్కంతా ఆవిడ చెప్పే తీరుతో వచ్చింది. జిన్ సీసా ఇస్తే, పురుగు పట్టకుండా ఉన్ని కోట్ల అలమారలో పెట్టే వాసన చెక్కముక్కల్లా ఉందంది. వెర్మూత్ ఇస్తే, ఎండిన గడ్డిలో ఎవరో ద్రాక్షపళ్ళు తొక్కినట్టుందంది. ఇదేం భాష అని ఆయన మొదట చిరాకుపడ్డాడు. తర్వాత తర్వాత చూస్తే, ఉన్ని కోట్ల చెక్క అన్న ప్రతిసారీ అది మంచి జిన్నే అయ్యేది. ఆయనకి నాలుక మిగిలే ఉంది. తీపి, పులుపు, చేదు, సారా మంట, చల్లదనం ఎంతో తెలుస్తాయి. ఆవిడ ముక్కూ తన నాలుకా కలిపితే పాత మాస్టారికి దగ్గరగా ఒక మనిషి అవుతాడేమోనని ఆయనకి ఆశ పుట్టింది.

ఆశ ఉన్నా అహం అంత త్వరగా ఎక్కడికి పోతుంది? రెండోసారి నానబెట్టడానికి ఆయన నిగనిగలాడే నారింజలు తెచ్చాడు. ఆవిడ ఒకదాన్ని గోరుతో గీరి, వీటిలో ఏమీ లేదు, కొవ్వొత్తిలా ఉన్నాయి అంది. హోటలుకి ఎప్పుడూ ఇవే వచ్చేవని ఆయన గొంతు పెంచాడు. ఇన్నేళ్ళ పని నిన్నగాక మొన్న ముక్కు పెట్టిన మనిషి చేత చెప్పించుకోవాలా అన్నాడు. ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. సంతలో పళ్ళవాడు విసుక్కుంటున్నా వినకుండా బుట్ట తర్వాత బుట్ట గీరి గీరి చూసి, పచ్చటి మచ్చలతో, గరుకు తోలుతో, పిల్లలు బంతి ఆడి వదిలేసినట్టున్న పళ్ళు తెచ్చి బల్ల మీద పోసింది.

మాస్టారు వాటిని చూసి నవ్వబోయి ఆగాడు. అగ్గిపుల్ల గీసి, నిగనిగలాడే పండు తొక్కని మంట పక్కన పెట్టి పిండాడు. ఒకటి రెండు నిప్పురవ్వలు మెరిశాయి. వికారంగా ఉన్న పండు తొక్క పిండితే మంట భగ్గున పెరిగి చిటపటలాడింది. తొక్కలో నూనె ఎంతుంటే మంట అంత లేస్తుంది. ఆ విద్యతో హోటల్లో ఎందరినో అబ్బురపరిచాడు గానీ, దానితో పండుని పరీక్షించవచ్చని ఎప్పుడూ తోచలేదు. ముక్కు ఉన్నప్పుడు ఆ అవసరమే రాలేదు మరి. ఇంకో పుల్ల గీసి మళ్ళీ పిండాడు. తర్వాత కత్తి తీసుకుని ఆవిడ తెచ్చిన పళ్ళ ముందు కూర్చున్నాడు.

లిక్యూర్ ఈసారి కుదిరింది. కాగితం ముక్క వాసన చూసి ఆవిడ ఇంకో ముక్క తడిపి చూసింది. తర్వాత, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి మీద ఎవరో నారింజ వలిచినట్టుందంది. ఆయన చెంచాతో రుచి చూసి, పాకం ఇంకాస్త తగ్గాలన్నాడు.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఆవిడని వంటగదిలో కూర్చోబెట్టి, కలిపిన గ్లాసులు చాటుగా పంపి వాసన చూపించాలని ఆయన పథకం. మరకలమ్మ ఒప్పుకోలేదు. తెర చాటున నిలబడి ముక్కు అరువివ్వడం తనవల్ల కాదంది. మేనకోడలికి నిజం చెబితే కౌంటర్ దగ్గరికి వస్తాను, లేకపోతే షాపులో కోట్లు బోలెడున్నాయి, అక్కడికి పోతానంది.

ఆయన రెండుసార్లు మూలమలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్ళేసరికి మేనకోడలు నేలమీద కూర్చుని కుర్చీ కాళ్ళకి రబ్బరు బిళ్ళలు అంటిస్తోంది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వేరే మనిషిని చూసుకున్నా ఏమీ అనుకోనన్నాడు. ఆ పిల్ల చేతిలో ఉన్న బిళ్ళని కుర్చీ కాలికి అంటించడం పూర్తిచేసింది.

"మరి వాసన ఎవరు చూస్తారు, మామయ్యా?"

"మీ అత్తయ్య."

"అత్తయ్యా? మందు పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటుందిగా!"

"అందుకే చిన్న తేడా వచ్చినా పట్టేస్తోంది" అన్నాడు ఆయన.

ఆ పిల్ల నవ్వింది. కౌంటర్ వెనక ఇద్దరు పట్టరేమోనని లేచి జానలతో కొలిచింది. పక్కకి తిరిగి నిలబడితే ఇద్దరూ సరిపోతారని తేల్చింది.

తెరిచిన రోజు సాయంత్రం గది నిండిపోయింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చల్లటి గ్లాసులు వరుసగా పెట్టుకుని పని మొదలుపెట్టాడు. చేతులు ఏదీ మరిచిపోలేదు. పొడుగు చెంచా చప్పుడు లేకుండా తిరిగింది, పాత్ర బయట మంచు పట్టగానే ఆగింది. మరకలమ్మ పక్కన నిలబడి, ప్రతి గ్లాసూ వెళ్ళేముందు ఒకసారి వంగి చూసి తల ఊపేది. గ్లాసుల్లో వేసే ఆలివ్ కాయల్ని పుల్లలకి గుచ్చే పని కూడా అడక్కుండానే తనే తీసుకుంది.

హోటల్లో ఏళ్ళ తరబడి ఆయన చేతి మార్టినీ తాగిన లాయరు ఒకాయన వచ్చి కౌంటర్ ముందు కూర్చుని, ఎప్పటిదే ఇవ్వమన్నాడు. మాస్టారు కలిపి, వడకట్టి, నిమ్మతొక్క అందుకోబోతుంటే మరకలమ్మ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది వద్దండీ. ఆరకుండా మడతపెట్టిన చొక్కాలా ఉంది."

లాయరు చూస్తున్నాడు. అంతకు ముందువరకూ అన్ని గ్లాసులూ సరిగ్గానే వెళ్ళాయి. మాస్టారి ముఖం ఎర్రబడింది. ఆయన వెర్మూత్ సీసా ఎత్తి చూశాడు. అది ఆయన ఫ్రిజ్‌లో పెట్టుకున్న సీసా కాదు. వడ్డించే కుర్రవాళ్ళెవరో మూత తీసి పొయ్యి పక్కన అరలో వదిలేసినది, తొందరలో చేతికి వచ్చింది. ద్రాక్ష సారాయే కదా, వేడికి పాడైపోయింది. నాలుక మీద వేసుకుంటే ఆయనకి పులుపు కాస్త తగిలేదేమో. ఆయన రుచి చూడలేదు. గ్లాసూ సీసా రెండూ సింకులో వంపేసి, కొత్తది తెరిచి మళ్ళీ మొదటి నుంచి కలిపాడు.

ఆవిడ వంగి చూసి తల ఊపింది. అప్పుడు తొక్క పిండి, గ్లాసు లాయరు ముందుకి జరిపాడు.

"నాకిప్పుడు వాసన తెలియదండీ" అన్నాడు, వినబడేలాగే. "ఆవిడ చూసి పంపుతుంది."

లాయరు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగి, మరకలమ్మ వైపు గ్లాసు కాస్త ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ సిగ్గుపడి ఆలివ్‌ల డబ్బాలోకి చూసింది.

ఆ తర్వాత వారాంతాలన్నీ వాళ్ళక్కడే ఉన్నారు. మాస్టారికి వాసన తిరిగి రాలేదు. ఒక్కోసారి పొద్దున లేవగానే కాఫీ కప్పు పట్టుకుని కాసేపు అలా ఉండిపోతాడు. ఆవిడ చూసీ చూడనట్టు తన పని తను చేసుకుంటుంది.

ఆకులు రాలే రోజుల్లో మరకలమ్మ తనంతట తనే సంత నుంచి పండిన బేరిపళ్ళు తెచ్చి, వీటితో లిక్యూర్ చేద్దామంది. పాకం ఎంతన్న దగ్గర వాదన వచ్చింది. తీపి తగ్గితే వాసన పలచబడుతుందని ఆవిడ, తీపి పెరిగితే నాలుకకి ఇంకేమీ తెలియదని ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఆవిడ కొంచెంసేపు మూతి ముడుచుకుని, తర్వాత ఒక పండు సగానికి కోసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆయన అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టింది. వాన వెలిసాక తడి చెక్క మీద ఎవరో తేనె పూసినట్టుందట, లోపల గింజ దగ్గర మాత్రం కాస్త పచ్చిగడ్డి వాసనట. మాస్టారు తొక్క తెగిపోకుండా పండు తిప్పుతూ, ఇంకా ఏముందో చెప్పమన్నాడు.