తోడికోడలి చుక్కలమందు

కాజాలక్క తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లేసరికి చిన్న సీసా గట్టు మీద ఉంది. రాత్రంతా ఇసుక పడ్డట్టున్న కళ్లను వేళ్లతో విప్పి, తల వెనక్కి వాల్చి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసుకుంది. చల్లదనం కణతల దాకా పాకింది. గోడకవతల నుంచి తోడికోడలి గొంతు వినిపించింది.

"సీసా చలి వదిలాక వేసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాలో ఈ గోడకి!"

"వేసేసుకున్నానని చెప్పవే గోడా," అంది కాజాలక్క.

ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని అన్నదమ్ములిద్దరూ కాపురాలు పెట్టారు. అన్న పోయాడు. ఆయన భార్య బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాజాలు కుట్టి కుట్టి ఈ పేరు తెచ్చుకుంది. తమ్ముడి భార్యతో నేరుగా మాటలు ఆగిపోయి చాలా ఏళ్లయింది; ఏదున్నా ఇద్దరూ గోడకి చెప్పడమే. కారణం, అరువిచ్చిన గిన్నె సొట్టపడి తిరిగి రావడం. ఇంతోటి గిన్నెకి ఇంత పంతమా అని నవ్వేవాళ్లు నవ్వారు, తర్వాత వాళ్లకీ విసుగొచ్చింది.

కళ్లలో తడి ఇంకిపోయి చూపు మసకబారినప్పుడు, నెత్తురు నుంచి తీసే చుక్కలమందు వాడమన్నాడు డాక్టరు. నెత్తురు గడ్డకట్టాక పైన తేరే పసుపురంగు నీటిని పలచన చేసి సీసాల్లో పోస్తారట. మామూలుగా ఎవరి నెత్తురు వాళ్లకే. కాజాలక్క ఒంట్లో ఇచ్చేంత నెత్తురు లేదు. ఆ సంగతి గోడే మోసిందో ఏమో, మర్నాడు తోడికోడలు వెళ్లి పరీక్షలన్నీ చేయించుకుని చెయ్యి చాపి కూర్చుంది. అప్పటి నుంచీ తోడికోడలి ఫ్రిజ్‌లోంచి గట్టు మీదికి సీసా వస్తోంది. నేరుగా మాట మాత్రం రాలేదు.

మరిదికి వేరే ఊళ్లో పని దొరికి, ఆ కుటుంబం ఇవాళ సాయంత్రం వెళ్లిపోతోంది. ఈలోగా ఒక్కసారి "చెల్లీ" అని పిలవాలి. కాజాలక్కకు వేరే కోరికేమీ లేదు. పొద్దున్నే పిలిచేయొచ్చు కదా అంటే, నోరు పెగల్లేదు.

కార్ఖానాలో నల్ల చొక్కాల మూట ఆమె కోసమే కాచుకుని ఉంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం, కళ్లకు నరకం.

"మేస్త్రీ, ఇవాళ కొంచెం ముందే పోతాను."

"మూట అవగానే వెళ్లక్కా, ఎవరాపారు?"

కుట్టినంతసేపూ ఆ పిలుపునే నోట్లో నానబెట్టింది. చెల్లీ, జాగ్రత్త. కాదు. చెల్లీ, గిన్నె పోతే పోయింది. అదీ బాగా లేదు. ఆఖరి చొక్కా దగ్గరికొచ్చి చూసుకుంటే, గుండీలు కుట్టాల్సిన వైపు కాజాలు కోసేసింది! పట్టీ ఊడదీసి, కొత్తది వేయించి, మళ్లీ కుట్టేదాకా మేస్త్రి కదలనివ్వలేదు.

నడుం పట్టేసినా ఆగకుండా ఇంటికొచ్చింది. గుమ్మంలో మరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"వ్యాను వెళ్లిపోయింది వదినా. నిన్ను చూస్తే ఎక్కలేనని ముందే ఎక్కి కూర్చుంది. నేనిక బస్సులో పోతాను. తాళం నీ చేతికే ఇవ్వమంది." రెండడుగులు వేసి ఆగాడు. "మొన్న మళ్లీ వెళ్లి నెత్తురిచ్చొచ్చింది."

అతను సందు మలుపు తిరిగాక కాజాలక్క తోడికోడలి వాటా తలుపు తీసి లోపలికి వెళ్లింది. ఏడుపు తన్నుకొచ్చినా కన్నీరు రాలేదు, కళ్లు మండాయంతే. ఏడవడానికి కూడా ఆమె ఇచ్చిన చుక్కే కావాలి.

"చెల్లీ," అంది, పైకే.

సామానంతా పోయిన గదిలో, ప్లగ్గు తీయని ఫ్రిజ్ ఒక్కటే పై అర నిండా సీసాలతో సన్నగా గురగురలాడుతోంది.