తడిగుడ్డ

సీతాదేవి చెప్పకుండా పోయింది, కడుపులో గడ్డ దాచుకుని మొగుడికి ఒక్క మాట చెప్పని మనిషిని ఎవరు క్షమిస్తారు, మొగుడు యతిరాజులు క్షమించలేదు, మూడేళ్లుగా అదే మాట, మద్రాసు పక్క మనలిలో నలభయ్యో బడి తెరిచి చేతిలో తడిగుడ్డతో నిలబడ్డ ఈ పూట కూడా అదే మాట, కిటికీలోంచి రిఫైనరీ కంపు, ఎదురుగా కొత్త టీచర్లు పన్నెండుమంది ఒళ్లో పలకలతో, బడి తెరిచిన రోజు ఎవరి గురి వాళ్లు పలక మీద రాయాలి, చిన్నదైతే అందరి ముందూ అతనే తుడిచి పెద్దది రాయిస్తాడు, అది నాయుడుపేట పక్క పల్లెలో దొరస్వామి పంతులు నేర్పిన విద్య, బస్సు కండక్టరునవుతానని రాస్తే అరచేత్తో తుడిచేసి, అందే కొమ్మకి నిచ్చెనెందుకురా వెధవా అని చెవి మెలేశాడు, ఆ చెవినొప్పే వాషర్‌మెన్‌పేట్‌లో బియ్యం కొట్టు మీది గదిలో ట్యూషన్ పెట్టించింది, పదకొండుమంది పిల్లలున్ననాడే గోడ మీద నూరు బడులు అని రాయించింది, ఆనాడు నవ్వినవాళ్లే ఇప్పుడు సీట్ల కోసం సిఫారసు చీటీలు తెస్తారు, భయపెట్టని గురి గురే కాదు, ఇంకా అరవై ఉన్నాయి, వయసు అరవై రెండు, మోకాళ్లు లాగుతున్నాయి, మోకాలు, ఎవరో మోకాలని రాశారే, సునయన అట ఈ పిల్ల పేరు, పలక మీద ఆమె రాత, మా అమ్మ మోకాలు డాక్టరుకి చూపించాలి.

ఏమ్మా, ఇది గురా, సంతకు పోయే చీటీనా, అన్నాడు, హాలంతా నవ్వింది, పిల్ల మాత్రం తల దించలేదు, రెండేళ్లుగా పోవాలనే ఉండాము సార్, నేను ఇదివరకు చేసిన బడిలో ఆదివారం కూడా స్పెషల్ క్లాసే కదా, అంది, గుడ్డ పైకి లేచింది, వెనకనుంచి కస్తూరి, బియ్యం కొట్టు గదినాటి మొదటి టీచరు, సీతాదేవి వంట తిని పెరిగిన నోరు, తుడిచెయ్యన్నా, నీకేం కొత్తా, ఆ పొద్దు జార్జి టౌన్‌లో అక్కది తుడవలా.

అక్కది, అవును, ముప్ఫయ్యో బడి, సందులో తోపుడుబళ్ల కేకలు, చివరి బల్ల మీద సీతాదేవి, నాకూ ఒక పలక ఇవ్వండి అని అడిగి తీసుకుంది, గుండ్రటి అక్షరాలు, ఇద్దరం ఒకసారి పెద్దాసుపత్రికి పోయి రావాలి, ఇద్దరం అన్న మాట కింద గీత, అతను పైకే చదివాడు, ఆటో ఎక్కితే తీరిపోయేదానికి గురి ఎందుకు సీతా, అన్నాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా, తుడిచాడు, మళ్లీ రాయమంటే నూరు బడులు అని రాసి ఇచ్చింది, ఎనిమిది నెలలకు పోయింది, చెప్పకుండా పోయిందని ఊరంతా చాటాడు, చెప్పింది, రాసి మరీ చెప్పింది, తుడిచిన చెయ్యి ఇదే.

గుడ్డలోంచి నీళ్లు చెప్పు మీద కారుతున్నాయి, రేపే తీసుకుపోమ్మా, ఆ రాత అట్లాగే ఉండనీ, అన్నాడు, కస్తూరి ఊరుకోలేదు, ఏందన్నా ఇది, అక్క ఏం రాసిందో ఈళ్లకీ చెప్పు, అంది, చెప్పడు, చెబితే అయ్యో అంటారు, అయ్యో అంటే అతన్ని క్షమించినట్టే, అది అతనికి అక్కర్లేదు, ఆమె దాచిందన్న మాట గానీ తను తుడిచిన మాట గానీ ఇక ఈ నోట ఎవరి దగ్గరా రాదు.