ఎల్డన్ నింపిన తూటాలు

పెళ్లయిన నాటి నుంచీ ఆర్డిత్ కాల్చిన ప్రతి తూటా భర్త ఎల్డన్ నింపినదే. అతను నేలమాళిగలో కూర్చుని నింపుతాడు, ఆమె గురి సాధన చేసే రేంజిలో బోర్లా పడుకుని కాలుస్తుంది. కోల్డ్ ఫోర్క్ ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట: గురి ఆర్డిత్‌ది, తూటా ఎల్డన్‌ది. తూర్పు మోంటానాలో గాలి ఒక పూటన్నా ఆగదు. ఆ గాలిలో వెయ్యి గజాల అవతలి నల్లచుక్కను కొట్టాలంటే కన్నొక్కటే చాలదు, ప్రతి తూటా ముందుదానికి కవలపిల్లలా ఉండాలి. కాల్చేసిన ఇత్తడి గుల్లల్ని ఏరి తెచ్చి, కడిగి, సాగినచోట నొక్కి, అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ కూర్చి, తుపాకిమందు తూచి పోసి, పైన గుండు బిగించేదాకా ఎల్డన్ ఎక్కడా తొందరపడేవాడు కాదు. పని చేస్తున్నంతసేపూ రేడియో మోగనిచ్చేవాడు కాదు. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. అది మళ్లీ అల్మరాలోకి వెళ్తే గాని రెండోది బయటికి రాకూడదు.

"రైఫిల్ తూటాలో పిస్తోలు మందు పడిందనుకో, అది ఒక్కసారే భగ్గుమంటుంది. తుపాకి తుపాకిలా ఉండదు," అనేవాడు కొత్తగా నేర్చుకునేవాళ్లతో. "నీ మొహం నీ మొహంలా ఉండదు."

సెప్టెంబరు ఆఖర్లో, గోధుమ కోతలైపోయి పొలాల్లో మోళ్లు మాత్రం మిగిలిన రోజుల్లో, ఆర్డిత్ అలవాటు ప్రకారం రేంజికి వెళ్లింది. పక్కన క్లేటన్ ఉన్నాడు. ఊళ్లో తుపాకులు బాగుచేసేది అతనే. ఆర్డిత్ నాలుగైదు కాల్చింది, అన్నీ మధ్యలోనే పడ్డాయి. ఆ తర్వాతి దాని చప్పుడు వేరుగా ఉంది. ఎవరో చెంప మీద కొట్టినట్టు వేడిగాలి మొహాన తగిలింది. కళ్లద్దాల మీద మసి చిమ్మింది. గుల్లని బయటికి లాగే బోల్ట్ ఎత్తబోతే కదల్లేదు.

క్లేటన్ లేచి వచ్చి కొయ్యసుత్తితో తట్టి తట్టి బోల్ట్ తెరిచాడు. బయటికొచ్చిన గుల్ల అడుగున ప్రైమర్ ఉండాల్సిన చోట నల్లటి బొక్క ఉంది. అతను దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు నింపారని అడగలేదు, అడగక్కర్లేదు. మిగిలిన తూటాల డబ్బా తనకిచ్చి వెళ్లమన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనంటేనే ఇస్తానంది ఆర్డిత్. అతను తల ఊపాడు.

ఆమెకు కారణం తోచకపోలేదు. ఎల్డన్ కాఫీ పొడి వెయ్యకుండానే నీళ్లు కాచి పెట్టడం, నలభై ఏళ్లుగా తిరిగే మలుపు దాటి పక్క ఊరిదాకా పోయి రావడం, చచ్చిపోయిన తమ్ముణ్ణి భోజనానికి పిలవమనడం, ఇవన్నీ ఆ వేసవి నుంచీ ఆమె చూస్తూనే ఉంది. వయసు కదా అని సర్దుకుంది. కానీ నేలమాళిగలో మనిషి వేరు, పైనున్న మనిషి వేరని ఎందుకో గట్టిగా నమ్మింది. ఆ మెట్లు దిగితే మరపు కూడా గుమ్మం బయటే ఆగిపోతుందనుకుంది.

వారం తిరక్కుండానే క్లేటన్ పిలిచాడు. డబ్బాలోని తూటాలన్నీ విప్పి, మందు విడివిడిగా తెల్ల కాగితాల మీద పోసి పెట్టాడు. దాదాపు అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. మూడు కాగితాల మీద మాత్రం గింజల మధ్య పిస్తోలు మందు రేకులు కనపడుతున్నాయి, సన్నగా, నల్లగా.

"ఈ రెండింటికీ రైఫిల్ తట్టుకునేదేమో," అన్నాడు క్లేటన్. మూడోదానికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్పనా ఆయనకి?" అన్నాడు.

"వద్దు. నువ్వు చెప్తే తట్టుకోలేడు."

"నువ్వు చెప్తే తట్టుకుంటాడా?"

ఆమె బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి నేలమాళిగలో దీపం వెలుగుతోంది. ఎల్డన్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రెండు మందు డబ్బాలు, రెంటికీ మూతలు తీసి ఉన్నాయి. అతను ఏ పనీ చెయ్యడం లేదు, ఆ రెండింటి వంకే చూస్తున్నాడు. తప్పిపోయిన పిల్లాడు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి చూసినట్టుంది ఆ చూపు.

ఆర్డిత్ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది. రేంజిలో జరిగింది, క్లేటన్ చూపించింది, దాచకుండా చెప్పింది. అతను కాదంటాడని, కోప్పడతాడని అనుకుంది. అతను మాత్రం నెమ్మదిగా రెండు డబ్బాలకీ మూతలు పెట్టాడు.

"నాకు తెలుసు ఆర్డీ."

"ఎప్పట్నుంచి?"

"గడ్డి కోతలప్పట్నుంచి. ఒకరోజు నింపుతూ నింపుతూ ఎక్కడున్నానో మర్చిపోయాను. అప్పట్నుంచి ప్రతి తూటాల డబ్బాలోంచి కొన్ని తీసి నేనే ముందు కాల్చి చూస్తున్నాను, నువ్వు చర్చికి వెళ్లినప్పుడు. ఏమన్నా అయితే నాకే అవ్వాలని."

ఆర్డిత్‌కు అప్పుడర్థమైంది. తను ప్రార్థన చేస్తున్నంతసేపూ ఈ మనిషి వెనక పొలంలో ఒక్కో తూటాకీ మొహం ఒడ్డుతున్నాడన్నమాట.

"మరి కాల్చనివాటి సంగతో?" అంది.

అతను డబ్బాల మూతల్ని మళ్లీ గట్టిగా బిగించాడు. "మానేస్తే ఇంక నేను నీకెందుకు పనికొస్తాను?" అన్నాడు.

ఆమె లేచి అతని తల తన పొట్టకి హత్తుకుని నిలబడింది. అప్పుడే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఎల్డన్ చెయ్యి పెద్దది. ఎవరు చిన్న సాయం చేసినా ఒక తూటాల డబ్బా చేతిలో పెట్టేవాడు.

"ఈ వేసవిలో ఇంకెవరికైనా ఇచ్చావా?"

అతను మొహం ఎత్తి చూసిన తీరుతోనే ఆమెకు అర్థమైంది.

మర్నాటి నుంచి ఇద్దరూ పికప్ బండి వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. పాత సంగతులైతే ఎల్డన్‌కు అద్దంలా గుర్తుంటాయి, ఈ వేసవివి మాత్రం చిల్లుల జల్లెడ. గుర్తొచ్చినవాళ్లంతా తిరిగి ఇచ్చారు. కొందరు నవ్వారు. ఒకాయన, మీ ఆయన నింపినవి కాకపోతే నాకు గురి కుదరదమ్మా అంటూ ఇవ్వడానికే ఇష్టపడలేదు. ఆర్డిత్ అతని వంక చూసిన చూపుకి నోరు మూసుకుని తెచ్చిచ్చాడు. పశువుల దాణా కొట్టు తలుపు మీద కాగితం అంటిద్దామంటే ఎల్డన్ మొదట ఒప్పుకోలేదు. ఊరంతటి ముందూ తలెత్తుకోలేనన్నాడు. పరువు పోతే బతకొచ్చు, కళ్లు పోతే ఎవరు తెచ్చిస్తారని ఆమె అడిగింది. ఎల్డన్ నింపిన తూటాలు ఎవరి దగ్గరున్నా కాల్చొద్దని పెద్ద అక్షరాలతో రాసి తనే అంటించి వచ్చింది.

అయినా ఒక డబ్బా లెక్క తేల్లేదు. పికప్ కిటికీలోంచి ఎవరికో అందించినట్టు గుర్తుంది ఎల్డన్‌కి. తోలు తొడుగు వేసుకున్న చెయ్యి గుర్తుంది. ఆ చేతి వెనకాల మొహం లేదు. అన్నం ముందు కూర్చున్నా, మొహం కడుక్కుంటున్నా అదే వెతుకులాట. జ్ఞాపకం కోసం తలని గోడకేసి నెమ్మదిగా కొట్టుకోవడం ఆమె ఒకసారి చూసింది.

ఇంతలో జింకల వేట మొదలయ్యే శనివారం వచ్చింది. తెల్లారుతుండగానే కొండల మీంచి తుపాకుల చప్పుళ్లు మొదలయ్యాయి. ఒకటి ఉత్తరం నుంచి, రెండు ఏటి అవతల నుంచి. ఏటా ఆ చప్పుళ్లు వింటూ గోధుమ అట్లు వేసుకుని తినేవాళ్లు. ఈసారి పొయ్యి వెలిగించలేదు. చప్పుడు వినపడ్డప్పుడల్లా ఎల్డన్ భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. ప్రతి చప్పుడు తర్వాతా ఇద్దరూ ఊపిరి బిగబట్టి, అరుపు లాంటిదేమైనా వస్తుందేమోనని వింటున్నారు. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

ఉన్నట్టుండి ఎల్డన్ కుర్చీలోంచి లేచాడు. "నీల్," అన్నాడు. "నీల్ హాగెన్. మన బండి కాలవలో దిగబడితే గొలుసు కట్టి లాగాడే, ఆ రోజు."

నీల్ ఫోను మోగలేదు, ఆ కొండల్లో సిగ్నలుండదు. ఇంటికి చేస్తే భార్య ఎత్తి, చీకటుండగానే పాత గనుల వైపు వెళ్లాడంది. ఏ తూటాలు తీసుకెళ్లాడో ఆమెకు తెలీదు. ఆర్డిత్ ఎల్డన్‌ని ఫోను దగ్గర కూర్చోబెట్టి బయల్దేరింది. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపిన మనిషే అయినా, ఆ రాళ్లదారిలో అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. గనుల దగ్గర నీల్ పికప్ కనపడింది, మనిషి లేడు. ముళ్లకంచె దూరి, ఎండుగడ్డిలో పేరు పెట్టి కేకలేస్తూ ఎక్కింది. ఎదురుగాలి ఆ కేకల్ని వెనక్కే తోస్తోంది.

మిట్ట అవతల ఒక్కసారి తుపాకి పేలింది.

ఆర్డిత్ కాళ్లు నిలిచిపోయాయి. ఆ చప్పుడు మామూలుదా, రేంజిలో విన్నదానిలాంటిదా, ఎంత ప్రయత్నించినా తేల్చుకోలేకపోయింది. ఇంక కేకలు వెయ్యలేదు. పిలిస్తే జవాబు రాదేమోనని భయం. మిగిలిన ఎత్తంతా మాట లేకుండా ఎక్కింది.

నీల్ ఒక జింక పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో కత్తి. అలికిడికి తలెత్తాడు. రెండు కళ్లూ ఉన్నాయి. ఆర్డిత్ అతని వైపు నడిచింది.

"ఏంటండీ ఆర్డిత్ గారూ," అన్నాడు నవ్వుతూ. "చిన్నప్పుడు బస్సుకి ఆలస్యమైతేనే హారన్ కొట్టేవారు. ఇప్పుడు కొండెక్కి మరీ తిడతారా?"

"ఆ రైఫిల్ ముట్టుకోకు నీల్."

ఆమె గొంతు విని అతని నవ్వు ఆగిపోయింది. ఆమె వెళ్లి రైఫిల్లోని తూటాలన్నీ తీసి ఒక్కొక్కటే చొక్కా జేబులో వేసుకుంది. పికప్‌లో ఉన్న మిగతా డబ్బా కూడా తీసుకుంది. ఎందుకని అతను అడిగితే ఏదో తేడా పడిందని మాత్రం చెప్పింది.

క్లేటన్ ఆ సాయంత్రం కొట్లోనే వాటిని విప్పాడు. డబ్బాలోవన్నీ మంచివే. రైఫిల్లోంచి తీసినవాటిలో ఒకటి మాత్రం పూర్తిగా పిస్తోలు మందే. అది వరసలో మొదట ఉందో చివర ఉందో ఆర్డిత్‌కు తెలీదు. జింక ఒక్క దెబ్బకి పడకపోయి ఉంటే అన్న ఆలోచన దగ్గర ఆమె మనసు ఆగిపోయింది, అవతలికి పోలేదు.

ఎల్డన్ గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఆ మొహం చూసి ఆమె నోట నిజం రాలేదు. అన్నీ మంచివేనంది. అతను కుర్చీలో వాలి పసివాడిలా ఏడ్చాడు. ఆ రాత్రి చాలా కాలానికి కలత లేకుండా నిద్రపోయాడు.

పొద్దున్నే కింద నుంచి చప్పుడు వినపడి ఆర్డిత్‌కు మెలకువొచ్చింది. తూటాలు బిగించే ప్రెస్ మీట పైకీ కిందికీ ఆడుతున్న చప్పుడు, తాపీగా, తొందర లేకుండా.

ఆమె నైట్‌గౌను మీదే కిందికి దిగింది. అతను ఉత్సాహంగా తల తిప్పాడు.

"వసంతం పోటీలకి ఇప్పట్నుంచే మొదలెడదామని. నాది కంగారు ఆర్డీ, అంతే. నువ్వే చెప్పావుగా."

"అబద్ధం చెప్పాను," అంది ఆర్డిత్. "నీల్ రైఫిల్లో ఒకటి ఉంది. పూర్తిగా ఆ మందే."

మీట మీద అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. నీల్‌కి తెలుసా అని అడిగాడు. తెలీదంది. అయితే నన్ను తీసుకెళ్లు, నేనే చెప్తానన్నాడు. హాగెన్ల వరండాలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడి, ఒక్క మాట మింగకుండా చెప్పాడు. నీల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అతని భార్య మాత్రం దోమతెర తలుపు వెనకే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

నేలమాళిగ సామానంతా క్లేటన్ వచ్చి తీసుకెళ్లాడు. ఆ చలికాలమంతా ఎల్డన్ ఆ మెట్ల వైపు వెళ్లలేదు. పాత స్నేహితులు కొందరు పలకరించడం తగ్గించారు. ఎవరిదీ తప్పనిపించలేదు ఆర్డిత్‌కి.

వసంతంలో ఆమె కొట్లో కొన్న తూటాలతో పోటీకి దిగింది. ఎల్డన్ వెనకాల దుర్బీను పెట్టుకుని కూర్చుని గాలి ఎటు తిరిగిందో చెప్పాడు. ఆ విద్య ఇంకా చెక్కుచెదరలేదు. ఆమె పేరు పట్టికలో మధ్యకి జారింది. దానికి ఆమె బాధపడలేదు. బోల్ట్ మూసి చెంప ఆనించిన ప్రతిసారీ, వెనక నుంచి గాలి మాట చెప్తున్న గొంతు ఒక్క క్షణం ఆగిపోయేది. చప్పుడు మామూలుగా వినపడ్డాకే మళ్లీ మొదలయ్యేది.