ఎర్రపోగు కట్టిన తాళంచెవి

తాళం వేసిన ప్రతిసారీ ఆగయ్యను ఒకే అనుమానం పట్టుకునేది. తాళం సరిగ్గా పడిందా అని కాదు, తాళంచెవి చేరవలసిన చేతికి చేరిందా అని. ఆ అనుమానానికి ఇరవై ఆరేళ్లు.

ఆ ఉదయం కూడా సూరత్ శివారు డిండోలిలో తమ ఇంటి గడప దిగి, తాళాన్ని రెండుసార్లు గుంజి చూసి, చెవిని భార్య సమ్మక్క అరచేతిలో పెట్టాడు. ఆమె చీరలు మడతపెట్టే పనికి పోయి మధ్యాహ్నానికే తిరిగి వస్తుంది కాబట్టి చెవి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. అయినా ఆగయ్య అడిగాడు.

“ముట్టిందా?”

“చేతిల వెట్టి, చేతిలున్నదా అని అడుగుడేంది? ముట్టింది తియ్యి,” అన్నది సమ్మక్క. “ఇన్నిసార్లు వేములాడ రాజన్న పేరు తల్సుకున్నా పున్నెమన్న వచ్చేది నాకు.”

ఆమె ఆ మాట అనేదాకా అతని కాలు కదలదు. పెళ్లయిన పాతికేళ్లుగా ఇదే వరస. ఎందుకని తొలి రోజుల్లో అడిగింది. అతను చెప్పలేదు. తర్వాత ఆమె అడగడం మానేసింది.

2021 మార్చి నెల అది. పోయిన ఏడాది వచ్చి పోయిందనుకున్న కరోనా మళ్లీ ఊళ్లో తిరుగుతోంది. షేర్ ఆటోలో వెనక కూర్చున్న ముసలాయన ఒకసారి దగ్గాడు. మిగిలిన ముగ్గురూ ముఖాలు బయటికి తిప్పుకున్నారు. ఆగయ్య మాస్కు పైకి లాక్కుని, ఊపిరి బిగబట్టి, ‘రాజన్నా, రాజన్నా’ అనుకున్నాడు. ఉధ్నా దారిలో అంబులెన్సు ఒకటి ఎదురొచ్చింది. దాని వెనకనే ఇంకొకటి.

ఆగయ్య యాభై రెండేళ్ల మనిషి. మగ్గాల మోతలో బతికి చెవులు మందగించాయి, అందుకే మామూలు మాట కూడా గట్టిగా మాట్లాడతాడు. ఎడమచేతి వాటం. తెగిన పోగులను అతికీ అతికీ ఎడమ బొటనవేలి గోరు పలచబడి పలకలా అయింది. అందరి ముడి తోక ఒకవైపు తిరిగితే ఆగయ్య వేసిన ముడి తోక రెండోవైపు తిరుగుతుంది. బట్ట మీద ముడి చూసి, ఇది ఆగయ్య మగ్గమని యజమాని శేఠ్ కూడా చెప్పగలడు. ఈ మనిషి గురించి లోకానికి తెలిసిన విశేషం ఏదైనా ఉంటే అదొక్కటే.

ఈ రోజు అతను మగ్గం దగ్గరికి పోవడం లేదు. లింబాయత్‌లో సినిమా తీస్తున్న పిల్లల దగ్గరికి పోతున్నాడు.

రెండు నెలల కింద పరమేశ్ వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. పరమేశ్ ఆగయ్యతో పాటు మగ్గాల ఖార్ఖానాలో పనిచేసే ఒకాయన కొడుకు, కాలేజీలో చదువుతున్నాడు. వెంట వచ్చినవాళ్లు అతని తోటి విద్యార్థులు హిమశ్రీ, ధీరజ్. హిమశ్రీ సూరత్‌లోనే పుట్టి పెరిగిన డాక్టరు గారమ్మాయి. కాలేజీ కోసం పదిహేను నిమిషాల సినిమా తీయాలి. 1994లో సూరత్‌కు ప్లేగు వచ్చి, మగ్గాల మనుషులంతా రైళ్లెక్కి పారిపోయిన రోజుల కథ. అందరూ తలా కొంత వేసుకుంటే పద్దెనిమిది వేలు పోగయ్యాయి. అందులోనే పాతకాలం అంతా సృష్టించాలి.

“కాకా, అప్పుడు మీరు ఉన్నారంట కదా. రూమ్ ఎలా ఉండేది, ఏం తినేవాళ్లు, అంతా చెప్పండి, ప్లీజ్,” అని హిమశ్రీ నోటుపుస్తకం తెరిచింది.

ఆగయ్య అంతా చెప్పాడు. ఒకే గది, ఒకే చాప, ఇద్దరు మనుషులు. తను పగటి పాళీ, సోమలింగమన్న రాత్రి పాళీ. ఒకరు లేస్తే ఆ వెచ్చటి చాప మీదే రెండోవారు పడుకునేవారు. తలుపుకు లోపలి గడియ విరిగిపోయింది, గది ఇచ్చిన అప్పటి శేఠ్ బాగుచేయించలేదు. రాత్రంతా పనిచేసి శవంలా నిద్రపోయే మనిషిని దొంగలకు వదిలి పోలేరు. అందుకని పోయేవాడు బయటినుంచి తాళం వేసి, తలుపు పక్క చువ్వల కిటికీలోంచి చెవిని లోపల పడేసేవాడు. “ముట్టిందా?” అని అడిగేవాడు. లోపలివాడు నిద్రలోనే “ముట్టింది” అనేవాడు. లేచాక చువ్వల్లోంచి చెయ్యి బయటికి చాపి తాళం తీసుకునేవాడు. నిద్రమత్తులో వెతుక్కోకుండా ఆ చెవికి ఎర్రపోగు తనే ముడేశాడు.

ఇవన్నీ చెప్పాడు. ఒక్కటి చెప్పలేదు.

ఇప్పుడు అదే సందులో, అదే గది ముందు నిలబడ్డాడు. పరమేశ్ ఎట్లా వెతికాడో ఏమో, దొరికింది. నూలు కండెల మూటలు వేసుకునే కొట్టుగా మారింది. తలుపు అదే. చువ్వలు తుప్పుపట్టాయి. ఆగయ్య వాటి వైపు చూడకుండా పనిలో పడ్డాడు. పక్కింటి డిష్ గొడుగు మీద గోనె కప్పించాడు. గూట్లో ప్లాస్టిక్ నీళ్ల సీసా పెడితే తీసేయించాడు.

“గప్పుడు గీ సీసలెక్కడియి? చెంబు వెట్టుండ్రి.”

“కాకా ఉంటే ఆర్ట్ డైరెక్టర్ ఎందుకు యార్,” అన్నాడు కెమెరా సరిచేస్తూ ధీరజ్. “మెహెంతానా, పైసలు కూడా అడగడు.”

“అన్నం వెట్టున్రి, సాలు,” అన్నాడు ఆగయ్య. అందరూ నవ్వారు. నవ్వులో నవ్వుగా పరమేశ్ దగ్గాడు. నవ్వులు ఆగిపోయాయి.

“దుమ్ము బాబూ, దుమ్ము! కండెల దుమ్ము!” అని పరమేశ్ రెండు చేతులూ ఎత్తాడు. అతను పోయి గుమ్మం బయట దూరంగా కూర్చున్నాడు.

వాళ్ల భయానికి కారణం ఉంది. పారిపోయేవాడి వేషం వేయవలసిన కుర్రాడికి నిన్న సాయంత్రం పాజిటివ్ వచ్చింది. ఆదివారం అందరూ అతనితో కలిసి ఒకే పళ్లెంలో సూరత్ చిరుతిండి లోచో తిన్నారు. రేపు అందరూ కరోనా పరీక్షకు పోవాలి. కాలేజీలు ఏ రోజైనా మూసేస్తారు. రాత్రి తొమ్మిదికి కర్ఫ్యూ. ఈ పగటి వెలుతురు పోతే సినిమా పోయినట్టే.

హిమశ్రీ ఆగయ్య దగ్గరికి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది. “కాకా, ముఖం చూపించం. చేతులు చాలు. తాళం వేసే చేతులు. మీరు చేస్తారా?”

“నావి ముసలి చేతులు బిడ్డా.”

“తువ్వాల కప్పుతాం. తాళం వేయడం, చావీ జేబులో పెట్టుకోవడం, పరుగెత్తడం. బస్.”

ఆగయ్యకు సరిగా వినబడలేదనిపించింది. “జేబులనా?”

“అవును. లోపల జ్వరంతో ఫ్రెండ్ ఉన్నాడు. వీడు భయంలో చావీ తీసుకుని వెళ్లిపోతాడు. అదే కథ.”

ఆగయ్య అరుగు మీద కూర్చున్నాడు. “నీకెవలు జెప్పిండ్రు గిది?”

“ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించాను. భయం అంటే అలాగే ఉంటుంది కదా కాకా?”

ఆగయ్య తన చేతులవైపు చూసుకున్నాడు.

ప్లేగు నాటి ఆ రోజుకు వినాయకుణ్ణి నిమజ్జనం చేసి నాలుగు రోజులైంది. ఆస్పత్రిలో మనుషులు రాలిపోతున్నారని, టెట్రాసైక్లిన్ గోళీలు ఎక్కడా దొరకడం లేదని, ఊరంతా స్టేషనుకు పరుగెడుతోందని తెలిసి ఖార్ఖానా మూసేశారు. గదికి వస్తే తాళం తీసి ఉంది, చెవి దానికే వేలాడుతోంది, సోమలింగం చాప మీద జ్వరంతో కాలిపోతున్నాడు. కళ్లు తెరవలేదు. ఆగయ్య గుమ్మంలోనే నిలబడి చూశాడు. దగ్గరికి పోలేదు, నీళ్లు కూడా ఇవ్వలేదు. మూలనున్న సంచి అందుకుని, బయటికి వచ్చి, రోజూ వేసినట్టే తాళం వేశాడు. ఆ తర్వాత జ్ఞాపకం స్టేషను దగ్గరే మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు.

రైలు నందుర్బార్ దాటాక జేబు తడుముకుంటే జేబే లేదు. తొక్కిసలాటలో చిరిగిపోయింది. చెవి అందులోంచి పడిందా, కిటికీలోంచి తానే పడేశాడా? చెవి నేలమీద పడ్డ చప్పుడు అతనికి ఇప్పటికీ వినబడుతుంది. కానీ ఆ చప్పుడు మూడేళ్లపాటు రోజూ విన్నదే. ఏ రోజుదో ఎట్లా తెలుస్తుంది? రోజూ చేసే పనిని మనసు దాచుకోదు. చేయక చేయక చేసిన తప్పును మాత్రం వదలదు. దేవుడు మనిషిని ఇట్లా ఎందుకు పుట్టించాడో, ఎన్ని సోమవారాలు దీపం పెట్టి అడిగినా ఆగయ్యకు జవాబు దొరకలేదు.

రెండు నెలలకు తిరిగి వచ్చాడు గానీ ఈ సందుకు రాలేదు. సోమలింగం ఏమయ్యాడని ఎవరినీ అడగలేదు. మూడేళ్లకు సోమలింగం ఊరివాడొకడు ఖార్ఖానా గేటు దగ్గర నిలబడి, ఆగయ్య ఎవరని అడుగుతున్నాడని తెలిసింది. ఆగయ్య వెనక దారిన గోడ దూకి పోయాడు. మరునాడే వేరే ఖార్ఖానాకు మారాడు. సొంతూరికి పోయినప్పుడు కూడా, వేములవాడ అవతలి ఆ ఊరిమీదుగా పోయే బస్సు ఎక్కలేదు.

“చావి లోపటేశిన్నో, ఎంబడి తీస్కపోయిన్నో నాకెరుక లేదు బిడ్డా,” అన్నాడు. తనకు తెలియకుండానే గట్టిగా అన్నాడు. సందులో అందరూ విన్నారు. “మనిషి లోపటున్నడు. జరంల ఉన్నడు. నేనే తాళమేసిన.”

ధీరజ్ కెమెరా దించాడు.

“కాకా,” అన్నది హిమశ్రీ, మెల్లగా కాదు, అతనికి వినబడేటట్టు. “పరమేశ్ వాళ్ల నాన్న ఊళ్లో కనుక్కుని నిన్న ఒక నంబర్ ఇచ్చారు. సోమలింగం గారి ఇంటిది. వాళ్లావిడ పేరు కొమురవ్వ అంట. సినిమా చివర్లో ఆవిడ గొంతు రికార్డ్ చేద్దామనుకున్నాను. ఇంకా చేయలేదు.”

“వద్దు,” అన్నాడు ఆగయ్య. “చెయ్యకు.”

“సరే. మీ ఇష్టం.”

ఆమె ఫోను అరుగు మీద పెట్టి, ఎండ జరిగిపోతున్న తలుపువైపు చూసింది. ఎవరూ అతన్ని తొందరపెట్టలేదు. ఆగయ్యకు పక్క సందులోని మగ్గాల మోత మాత్రం వినబడుతోంది. ఆ మోతకే ఇన్నేళ్లు తలవంచుకుని దాక్కున్నాడు. రేపు పరీక్షలో ఏం తేలుతుందో. తేలితే, ఆస్పత్రిలో మంచం మీద కూడా తనకు ఆక్సిజన్ కన్నా ముందు ఈ చెవే గుర్తుకొస్తుంది.

“కొట్టు బిడ్డా,” అన్నాడు. “నంబర్ కొట్టు.”

స్పీకరులో ముసలి గొంతు పలికింది. “ఎవలు?”

ఆగయ్య హిమశ్రీ వైపు చూశాడు. సూరత్ నుంచి, ఆగయ్య గారని హిమశ్రీయే చెప్పింది.

“ఏ ఆగయ్య? మా ఆయినెతోని ఒక్క అర్రల ఉన్న ఆగయ్యనా?”

“అవ్ వదినా,” అన్నాడు. “సోమలింగమన్న...”

“లేడు గదా.”

ఆగయ్య కళ్లు మూసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అదే.

“పోయిన శ్రావణంల పోయిండు. గీ కరోనాలనే. దవఖానకు తీస్కపోయినంక మల్ల మొకం గూడ సూడనియ్యలే.”

పోయిన శ్రావణం. ఆ మాట మెల్లగా లోపలికి దిగింది. శ్రావణం అంటే ఏడెనిమిది నెలలు. అంతవరకూ సోమలింగం బతికే ఉన్నాడు. పొద్దున లేచి, తిని, పని చేసి, పడుకుని, పాతికేళ్లకు పైగా తన సొంతూరికి ఒక బస్సు దూరంలోనే ఉన్నాడు.

“గప్పుడు... ప్లేగప్పుడు... చావి...”

“అయ్యో, గా చావియా!” కొమురవ్వ గొంతులో కొంచెం నవ్వు కలిసింది. “ఎదురొమ్ము మీద వడ్డదట. నువ్వు బయట నిలవడి ముట్టిందా ముట్టిందా అని రెండుపార్లు అడిగినవట. జరంతోని నాలికె ఎండుకపోయి ఈయినెకు మాట రాలేదట. పొద్దుమీకినంక లేశి, కిటికీల కెల్లి చెయ్యి వెట్టి తాళం తీస్కొని, తలుపు గట్లనే ఇడిశిపెట్టి ఇంటికొచ్చిండు. ‘ఆగడు ఆడ్నే నిలవడ్డడో ఏమో, ఒక్క మాట వలుకకపోతిని, వానికి ఒక మాట బాకీ వడ్డ’ అని ఎన్నిపార్లన్నడో. నిన్ను దేవులాడుమని మనిషిని గూడ తోలిండు. నువ్వు దొర్కలేదన్నరు.”

“దొర్కలే,” అన్నాడు ఆగయ్య. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఎప్పుడన్న కలిస్తె చెప్పుమన్నడు. సావబోయే ముంగట గూడ యాది జేసిండు.” ఆమె కాస్త ఆగింది. “ముట్టింది ఆగయ్యా.”

ఆగయ్య ఫోనుకు మరింత దగ్గరగా వంగాడు.

“చావి మా ఇంట్లనే ఉన్నది. పంపాల్నా?”

“వద్దొదినా. ఆడనే ఉండనీ.”

ఫోను పెట్టేశాక, ఈ రోజుకు ఆపేద్దామా కాకా అని హిమశ్రీ అడిగింది. ఆగయ్య లేచి తలుపువైపు చూశాడు, ఈసారి సూటిగా. “వెలుతురున్నది. తియ్యి.”

పరమేశ్ లోపల చాప మీద పడుకున్నాడు. ఆగయ్య తాళం వేసి, గుంజి చూసి, ఎడమచేత్తో చెవిని చువ్వల్లోంచి వదిలాడు. “ముట్టిందా?” అన్నాడు. లోపలినుంచి మాట రాలేదు. రాకూడదని హిమశ్రీ పరమేశ్‌కు చెప్పింది. పెదవులు మాత్రం కదపమన్నది. ఆగయ్య రెండోసారి అడిగాడు. ఆ తర్వాత కూడా అక్కడే నిలబడ్డాడు. ధీరజ్ కెమెరా ఆపలేదు.

సామాను సర్దుకుంటూ ఉండగా హిమశ్రీ ఫోనుకు కొమురవ్వ కొడుకు ఒక ఫొటో పంపాడు. ఆమె దాన్ని పెద్దది చేసి ఆగయ్య ముందు పట్టుకుంది. ఆగయ్య మొదట పటంలోని మనిషిని చూశాడు. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, ఎండిన పూలదండ వేలాడుతోంది. పటం కింద మేకుకు ఒక తాళంచెవి తగిలించి ఉంది. దానికి కట్టిన ఎర్రపోగు వెలిసి తెల్లబడింది, తోక రెండోవైపు తిరిగిన ఆ ముడి మాత్రం విడలేదు.